ఆ చీటీ మీద నేను రాసిన 8.5

మా జిల్లాలో యోగాసనాల పోటీలు ఎక్కువగా కల్యాణ మండపాల్లో జరుగుతాయి. ముహూర్తాలు లేని రోజులు చూసుకుని తక్కువ అద్దెకు తీసుకుంటారు. వధూవరులు కూర్చునే వేదిక మీద ఆకుపచ్చ తివాచీ పరుస్తారు. దానికి ఎదురుగా కింద అయిదు కుర్చీలు, అయిదు చిన్న బల్లలు. బల్లకొక నీళ్ల సీసా, ఒక చీటీల పుస్తకం. ఆసనం వేశాక గంట మోగేదాకా పిల్లలు కదలకుండా ఉండాలి. గంట మోగగానే మేం అయిదుగురు జడ్జీలం మార్కు రాసి, చీటీ చింపి ఇస్తాం. ఒక కుర్రాడు వాటిని స్కోరు బల్ల దగ్గరికి పట్టుకెళ్తాడు. అక్కడ అన్నిటికంటే ఎక్కువ మార్కు ఒకటి, తక్కువ మార్కు ఒకటి తీసేసి, మధ్యలో మిగిలిన మూడూ కూడతారు.

తొమ్మిదేళ్ల కిందటి మాట. అండర్-14 బాలికల విభాగం. మొదటి ఇద్దరికే రాష్ట్ర పోటీలకు వెళ్లే అవకాశం. వీపుకు పిన్నీసులతో నంబరు గుడ్డ పెట్టుకుని వేదిక ఎక్కినవాళ్లలో ఒకమ్మాయి మా బడి పిల్ల. ఆరో తరగతిలో చేరిన రోజు నుంచి నా దగ్గరే నేర్చుకుంది. వాళ్లమ్మ మిర్చి కోతలకు కూలికి వెళ్లేది. పోటీకి కట్టాల్సిన ప్రవేశ రుసుము రెండు విడతలుగా తెచ్చి నా చేతిలో పెట్టింది.

జడ్జీల పేర్లు చదివినప్పుడే నేను ప్రధాన జడ్జి గారి దగ్గరికి వెళ్లాను. "సార్, ఈ గ్రూపులో మా పిల్ల ఉంది. నన్ను బాలుర వైపు వెయ్యండి" అన్నాను. ఆయన నవ్వి, "మీ సంగతి మాకు తెలీదా అమ్మా, మీరు అలాంటివాళ్లు కాదు. కూర్చోండి, టైమైపోతోంది" అన్నారు. ఆ మాట నాకు సంతోషంగానే అనిపించింది. కూర్చున్నాను.

చివరిది వృశ్చికాసనం. మోచేతుల మీద శరీరాన్ని నిలబెట్టి, కాళ్లు వెనక నుంచి వంచి, పాదాలు తలకు ఆనించాలి. మా పిల్ల పాదాలు శుభ్రంగా ఆనాయి. ఎడమ కాలి బొటనవేలు ఒక్కటి సన్నగా వణికింది. ఆ మాత్రం వణుకు ఆ రోజు చాలామందికి వచ్చింది. గంట మోగింది. 9.1 అనుకున్నాను, పెన్ను కాగితం మీద పెట్టాను. పక్క కుర్చీలో జడ్జి నా చీటీ వైపు చూస్తున్నట్టు అనిపించింది. వెనక వరసల్లో మిగతా పిల్లల తల్లిదండ్రులు. వాళ్ల పిల్లకు వాళ్లే వేసుకున్నారంటారేమో. ఎలాగూ తక్కువ మార్కు తీసేస్తారు, మిగతా నలుగురూ సరిగ్గానే వేస్తారులే అనుకుని 8.5 రాసి ఇచ్చేశాను.

మిగతా నలుగురూ వేసినవి 8.9, 9.0, 9.0, 9.1. నా 8.5 తక్కువ మార్కుగా పోయింది, 9.1 ఎక్కువ మార్కుగా పోయింది. మిగిలిన మూడూ కూడితే 26.9. నేను అనుకున్న 9.1 వేసి ఉంటే తక్కువ మార్కుగా 8.9 పోయేది, మొత్తం 27.1 అయ్యేది. అంటే నా మార్కు లెక్కలోకి రాకుండానే 0.2 తినేసింది. ఆ పిల్లకు రెండో స్థానం తప్పింది 0.1తో.

స్కోరు షీటు గోడకు అంటించారు. ఫోన్లో ఫొటో తీసుకుని, ఇంటికొచ్చాక లెక్క వేసి చూసుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పై మార్కు, కింది మార్కు తీసేస్తే ఎవరి పక్షపాతమైనా కొట్టుకుపోతుందని నేనే ఎంతమంది తల్లిదండ్రులకు చెప్పి ఉంటానో. చీటీ ఒక్కటే పోతుంది, ఆ చీటీ తోసిన తోపు అలాగే ఉంటుంది. ఇలాంటి పోటీల్లో జడ్జిగా కూర్చునే ప్రతి ఒక్కరూ ఒకసారి కాగితం మీద వేసి చూడాల్సిన లెక్క ఇది.

అప్పటిదాకా నా లెక్కలో పక్షపాతం అంటే మన పిల్లకు ఎక్కువ వెయ్యడమే. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు కదా, అది. ఆ ముద్దును దాచుకోవడానికి పిల్లను కిందికి తొయ్యడం కూడా అదే జబ్బని నాకు తెలియలేదు. ఎక్కువ వేసినా తక్కువ వేసినా నేను ఆసనాన్ని చూడలేదు, నన్ను నేను చూసుకున్నాను. నేను నిజాయితీపరురాలినా కాదా అన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు. ఆ కుర్చీలో నేను కూర్చోకూడదు, అంతే.

పరస్పర విరుద్ధ ప్రయోజనాలు అనే మాట మనలో చాలామంది మొదట విన్నది క్రికెట్ వార్తల్లో. 2019లో బీసీసీఐ నైతిక విలువల అధికారి జస్టిస్ డి.కె. జైన్ నుంచి మన హైదరాబాదీ వీవీఎస్ లక్ష్మణ్‌కు నోటీసు వెళ్లింది. ఒకవైపు క్రికెట్ సలహా కమిటీ సభ్యుడు, ఇంకోవైపు సన్‌రైజర్స్ జట్టు మెంటార్. ఒకే సమయంలో రెండు చోట్లా ఎలా ఉంటారన్నది అందులో ప్రశ్న. మా స్టాఫ్ రూములో ఆ రోజు అందరికీ కోపం వచ్చింది. లక్ష్మణ్ లాంటి మనిషిని అనుమానిస్తారా అని. నాకు మాత్రం మా ప్రధాన జడ్జి గారి మాట గుర్తొచ్చింది. మన దగ్గర ఈ ప్రశ్న అడిగితే చాలు, అవతలి మనిషి గుణాన్ని శంకించినట్టు తీసుకుంటాం. మంచివాళ్లను అడగకూడదు, చెడ్డవాళ్లను అడిగినా లాభం లేదు. ఇక ఎవరినీ అడగం.

క్రికెట్‌లో అడగడానికి కనీసం ఒక అధికారి ఉన్నారు. పిల్లలు సొంత డబ్బుతో బస్సెక్కి వచ్చే ఆటల్లో ఆ మాత్రం కూడా లేదు.

జడ్జి మార్కు మీదే నడిచే ఆటల చరిత్ర చూస్తే, మన కల్యాణ మండపంలో జరిగేదంతా పెద్ద అద్దంలో కనపడుతుంది. 2002లో అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీలో శీతాకాల ఒలింపిక్స్. మంచు మీద జారుతూ గెంతులూ తిరుగుళ్లూ చేసే ఫిగర్ స్కేటింగ్‌లో జంటల పోటీ. రష్యా జంట బెరెజ్నాయా, సిఖరులిద్జెల ప్రదర్శనలో ఒకచోట సిఖరులిద్జె అడుగు తడబడింది. కెనడా జంట సాలే, పెల్టియే ఏ తప్పూ లేకుండా పూర్తి చేశారు. తొమ్మిది మంది జడ్జీల్లో అయిదుగురు రష్యా వైపు, నలుగురు కెనడా వైపు మొగ్గారు. ఆ అయిదుగురిలో ఒకరైన ఫ్రాన్స్ జడ్జి మారీ రేన్ ల గూన్యు తన మీద తమ దేశ స్కేటింగ్ సంఘం అధ్యక్షుడు ఒత్తిడి తెచ్చారని చెప్పి, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుంది. జంటల పోటీలో మీవాళ్లకు మేం, ఐస్ డ్యాన్సు అనే ఇంకో పోటీలో మావాళ్లకు మీరు అన్నది ఫ్రాన్స్, రష్యాల మధ్య ఒప్పందమని ఆరోపణ. ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం. చివరికి కెనడా జంటకు కూడా బంగారు పతకం ఇచ్చారు. ఆ జడ్జినీ, ఆ అధ్యక్షుడినీ మూడేళ్లు నిషేధించారు.

దానికి నాలుగేళ్ల ముందు, 1998 నాగానో ఒలింపిక్స్‌లో, జీన్ సెన్ఫ్ట్ అనే కెనడా జడ్జి ఇంకో ధైర్యం చేసింది. ఐస్ డ్యాన్సు పోటీలో ఎవరికి ఏ స్థానం రావాలో ఉక్రెయిన్ జడ్జి యూరీ బాల్కోవ్ ఫోన్లో చెబుతుంటే రికార్డు చేసి బయటపెట్టింది. బాల్కోవ్‌ను ఏడాది సస్పెండ్ చేశారు. సొంత దేశం వైపు మొగ్గిందని సెన్ఫ్ట్‌ను కూడా ఆరు నెలలు సస్పెండ్ చేశారు. ఆమె మార్కుల్లో ఆ మొగ్గు ఉండి ఉండొచ్చు. కానీ ఆ రికార్డు బయటపెట్టిన మనిషికీ శిక్ష పడిందని విన్న తర్వాత మళ్లీ ఎవరు నోరు తెరుస్తారు?

సాల్ట్‌లేక్ గొడవ తర్వాత అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య పాత 6.0 మార్కుల పద్ధతి తీసేసి, ఒక్కో గెంతుకూ ఒక్కో తిరుగుడుకూ విడివిడిగా మార్కులిచ్చే కొత్త పద్ధతి తెచ్చింది. అది మంచిదే. దాంతోపాటు ఏ జడ్జి ఏ మార్కు వేశాడో బయటకు తెలియకుండా దాచేసింది. ఎవరు ఎంత వేశారో తెలియకపోతే ఒప్పందం కుదుర్చుకున్నవాడు కూడా నమ్మలేడు, కాబట్టి ఒప్పందాలు ఆగుతాయని వాళ్ల వాదన. వినడానికి బాగుంటుంది. ఎరిక్ జిట్జెవిట్జ్ అనే ఆర్థికవేత్త మార్పుకు ముందూ తర్వాతా మార్కులన్నీ పోల్చి చూశాడు. ప్యానెల్లో సొంత దేశపు జడ్జి ఉన్న క్రీడాకారులకు దొరికే లాభం తగ్గలేదు సరికదా, కొద్దిగా పెరిగిందని తేలింది. దొంగలు ఒకరికొకరు కనపడకుండా చేద్దామని వీధి దీపాలన్నీ ఆర్పేస్తే ఏమవుతుందో అదే అయింది. పేర్లు దాచే ఆ పద్ధతిని 2016లో ఎత్తేశారు.

ఎత్తేయడానికి ముందు సోచి జరిగింది. 2014 శీతాకాల ఒలింపిక్స్, మహిళల స్కేటింగ్. సొంత గడ్డ మీద రష్యా అమ్మాయి అదెలీనా సోత్నికోవా దక్షిణ కొరియా ఛాంపియన్ కిమ్ యునాను దాటి బంగారు పతకం గెలిచింది. చివరి రోజు జడ్జీల్లో ఒకరు అల్లా షెఖోవ్‌త్సోవా. ఆమె భర్త రష్యా స్కేటింగ్ సంఘానికి ఒకప్పుడు అధ్యక్షుడు, అప్పటికి డైరెక్టర్ జనరల్. పోటీ అయ్యాక ఆమె సోత్నికోవాను కౌగిలించుకోవడం కెమెరాల్లో పడింది. అదే ప్యానెల్లో పదహారేళ్ల కిందటి ఫోన్ రికార్డులో దొరికిన బాల్కోవ్ కూడా ఉన్నాడు. కొరియా ఫిర్యాదు చేసింది, దాన్ని కొట్టేశారు.

షెఖోవ్‌త్సోవా అన్యాయంగా మార్కు వేసిందని ఎవరూ రుజువు చెయ్యలేదు. వెయ్యలేదని చూపించడానికీ దారి లేదు, మార్కుల పక్కన పేర్లు లేవు కాబట్టి. ఇందులో నాకు ఎక్కువ బాధ కలిగించేది సోత్నికోవా సంగతి. పదిహేడేళ్ల పిల్ల. ఆ రోజు ఆమె నిజంగానే బాగా ఆడి ఉండొచ్చు. ఆ ఒక్క కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టి ఉంటే ఆ పతకం మీద ఇంత మచ్చ ఉండేది కాదు. గెలిచిన పిల్లకు కూడా అన్యాయం జరుగుతుందన్న సంగతి మన సంఘాల్లో ఎవరూ ఆలోచించరు.

అప్పటి సమాఖ్య అధ్యక్షుడు ఒత్తావియో చింక్వాంతా ఒక అమెరికా పత్రిక అడిగితే ఇచ్చిన జవాబు సారాంశం ఇది: సంఘం పెద్దల బంధువైనా సరే, పని తెలిసిన జడ్జి కావాలా, లేక ఏమీ తెలియని మూర్ఖుడు కావాలా? ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. సరిగ్గా ఇదే మాట మా దగ్గర ఎన్నిసార్లు విన్నానో. "ఆయన్ని తీసేస్తే ఇంకెవరికి తెలుసు మేడం ఆసనాలు? బయట నుంచి ఎవరినో తెస్తే పద్మాసనానికీ సిద్ధాసనానికీ తేడా తెలియదు." ప్రపంచమంతటికీ కలిపి ఒక్క మహిళా జడ్జే ఉన్నట్టు, జిల్లా అంతటికీ కలిపి ఒక్క గురువు గారే ఉన్నట్టు మాట్లాడతారు. తెలిసినవాళ్లు తక్కువే, ఒప్పుకుంటాను. తెలిసినవాళ్లు ఆటకు దూరంగా ఉండాలని ఎవరూ అనడం లేదు. తమ పిల్లలు ఆడే ఆ అరగంట పక్క తివాచీ దగ్గరికి వెళ్లి కూర్చోమంటున్నాం.

నేను 8.5 వేసేటప్పుడు మిగతావాళ్లు సరిగ్గా వేస్తారులే అనుకున్నానని చెప్పాను కదా. అదే ఆలోచన ఒలింపిక్ ఫైనల్లో ఒక బాక్సర్ జీవితాన్ని తలకిందులు చేసింది. 1988 సోల్. 71 కిలోల విభాగం ఫైనల్లో అమెరికా కుర్రాడు రాయ్ జోన్స్ జూనియర్, కొరియా బాక్సర్ పార్క్ సి-హున్. జోన్స్ 86 పంచ్‌లు తగిలించాడు, పార్క్ 32. తీర్పు 3-2తో పార్క్‌ది. పార్క్‌కు ఓటేసిన ఒక జడ్జి తర్వాత చెప్పాడంటూ అప్పట్లో ఒక మాట ప్రచారమైంది: మిగతా నలుగురూ జోన్స్‌కే ఇస్తారనుకున్నాను, ఆతిథ్యం ఇచ్చిన దేశం మరీ చిన్నబోకూడదని ఒక ఓటు ఇటు వేశాను, అని. లంచం తీసుకున్నారనడానికి ఆధారాలు దొరకలేదని ఒలింపిక్ కమిటీ 1997లో తేల్చింది. లంచం అక్కర్లేదు. ఇంటికి పిలిచి అన్నం పెట్టినవాళ్ల ముఖం చిన్నబోకూడదన్న మర్యాద చాలు. ఆ మర్యాద మనకు ఎంత బాగా తెలుసో వేరే చెప్పక్కర్లేదు.

ఆ పతకం పార్క్‌కు సుఖాన్నివ్వలేదు. తనకే తెలుసు తను ఓడిపోయానని. 2023లో ఆయన ఫ్లోరిడాలోని పెన్సకోలాకు, జోన్స్ ఇంటికి వెళ్లి, ఆ బంగారు పతకాన్ని జోన్స్ చేతిలో పెట్టాడు. ఆ వీడియో రెండేళ్ల తర్వాత బయటికొచ్చింది. 35 ఏళ్లు ఇంట్లో పెట్టుకుని మొయ్యాల్సి వచ్చింది ఆ మనిషికి, ఎవరో చూపించిన మర్యాదను.

మన సరితా దేవి సంగతి ఇంకా పచ్చిగానే ఉంది. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల సెమీఫైనల్లో కొరియా బాక్సర్ పార్క్ జీ-నా చేతిలో ఓడినట్టు ప్రకటించారు. చూసినవాళ్లు నమ్మలేకపోయారు. ఫిర్యాదు పెడితే తిరస్కరించారు. పతకాల వేదిక మీద సరిత ఏడుస్తూ తన కాంస్యాన్ని పార్క్ మెడలోనే వేసింది. అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం సరితను ఏడాదిపాటు నిషేధించింది. అన్యాయం జరిగిందని చెప్పడానికి ఆ పిల్లకు వేరే దారి ఏం మిగిల్చారు వీళ్లు?

2016 రియో ఒలింపిక్స్ బాక్సింగ్‌లో ఇదంతా మళ్లీ జరిగింది. ఆ తర్వాత న్యాయ నిపుణుడు రిచర్డ్ మెక్‌లారెన్ విచారణ జరిపి 2021లో నివేదిక ఇచ్చాడు. అందులో నాకు బాగా తగిలింది డబ్బు సంగతి కాదు. ఏ బౌటుకు ఏ జడ్జి అనేది నిర్ణయించే కొద్దిమంది చేతిలోనే అంతా ఉందని, చెప్పినట్టు వినే జడ్జీలనే ముందుకు తెచ్చారని, వినని వాళ్లను పక్కన పెట్టారని అది చెప్పింది. అమెచ్యూర్ బాక్సింగ్‌ను దశాబ్దాలపాటు ఏలిన ఆ సంఘానికి 2023లో ఒలింపిక్ కమిటీ గుర్తింపే తీసేసింది. 1972 నుంచీ ఒలింపిక్స్‌లో జడ్జీలు కూడా పక్షపాతం చూపబోమని ప్రమాణం చేస్తున్నారు. జెండా పట్టుకుని చేసిన ప్రమాణం, ఎవరు పిలిస్తే వచ్చామో మరిచిపోయేలా చెయ్యలేకపోయింది.

ఎవరు పిలిస్తే వచ్చాం? మన దగ్గర కూడా మొదట అడగాల్సింది ఇదే. జిల్లా పోటీకి జడ్జిగా రమ్మని సెక్రటరీ గారు ఫోన్ చేస్తారు. ఆ సెక్రటరీ గారికే ఒక శిక్షణా కేంద్రం ఉంటుంది, దాని పిల్లలే పోటీలో సగం మంది ఉంటారు. మాకు దక్కేది బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం ఒక శాలువా, ఒక మెమెంటో. ఇది అవినీతి అనడానికి ఎవరికీ నోరు రాదు, నాకూ రాదు. ఆదివారం ఇల్లు వదిలి పొద్దుటి నుంచి చీకటి పడేదాకా కూర్చునే మనిషికి శాలువా కప్పితే తప్పేముంది? కానీ వచ్చే ఏడాది ఫోన్ రావాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంది. ఆ సంగతి మాకు తెలుసు, ఆయనకు తెలుసు. ఎవరూ పైకి అనరు.

పోటీ మొదలవడానికి ముందు కాఫీ తాగుతుంటే ఎవరో ఒకరు పక్కకొస్తారు. "మేడం, ఏడో నంబరు మనవాళ్ల పాపే. కొంచెం చూడండి." తెలుగులో ఇంత మెత్తటి మాట, ఇంత ప్రమాదకరమైన మాట ఇంకొకటి లేదనిపిస్తుంది నాకు. చూడడమే జడ్జి పని. కొంచెం చూడండి అనగానే ఇక చూడొద్దు అని అర్థం. మోకాలు వంగినా చూడొద్దు, శ్వాస ఎగపీల్చినా చూడొద్దు. అడిగినవాళ్లు దుర్మార్గులు కాదు. ఆ పాప తండ్రి ఆటో నడుపుతాడని, తల్లికి బాగోలేదని చెబుతారు, నిజమే చెబుతారు. ఆరో నంబరు పాప కష్టం చెప్పడానికి మాత్రం అక్కడ ఎవరూ ఉండరు.

ఇంకో దృశ్యం చెప్పాలి. వేదిక ఎక్కేముందు పిల్లలు వాళ్ల గురువు గారి పాదాలకు దండం పెడతారు. చక్కటి అలవాటు, పోగొట్టుకోకూడనిది. ఒకసారి ఒక విభాగంలో పదకొండు మంది పిల్లల్లో నలుగురు వరసగా వచ్చి జడ్జి కుర్చీలో కూర్చున్న ఆయన పాదాలకే దండం పెట్టి వేదిక ఎక్కారు. ఆయన ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి దీవించారు. మిగతా ఏడుగురు పిల్లలు మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ఒక పాప ముఖం నాకింకా గుర్తుంది. ఆయన ఆ రోజు ఎంత న్యాయంగా మార్కులు వేసినా, ఆ పాపకు ఆట అక్కడే అయిపోయింది.

కొందరు జడ్జీలు వేసవి శిబిరాలు పెడతారు, ఫీజు తీసుకుంటారు. ఆ శిబిరానికి పంపితే పిల్ల జడ్జి గారి కంట్లో పడుతుందని తల్లిదండ్రుల ఆశ. నేర్పడం తప్పు కాదు. ఫీజు తప్పు కాదు. ఆ ఫీజు కట్టిన పిల్లకూ కట్టలేని పిల్లకూ మధ్య తీర్పు చెప్పడానికి కూర్చోవడం తప్పు.

2020 డిసెంబరులో కేంద్రం యోగాసనాలను పోటీ క్రీడగా గుర్తించింది. ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లోకి వచ్చాయి. మాకందరికీ సంబరమే. దాంతోపాటు ఒక్కో 0.1 బరువూ పెరిగింది. సర్టిఫికెట్ అంటే ఇప్పుడు ఫ్రేము కట్టించుకునే కాగితం ఒక్కటే కాదు. స్పోర్ట్స్ కోటా ఉంది, దాని మీద సీట్లున్నాయి, ఉద్యోగాలున్నాయి. జడ్జీల ఎంపిక మాత్రం ఇంకా కాఫీల దగ్గర, ఫోన్ల మీదే నడుస్తోంది.

ఏం చెయ్యొచ్చో నాకు తెలిసినంతలో చెబుతాను. డ్రా తియ్యడానికి ముందే ప్రతి జడ్జి చేతా ఒక కాగితం రాయించుకోవాలి. ఈ విభాగంలో నా బంధువులు ఎవరు, గత మూడేళ్లలో నా దగ్గర నేర్చుకున్న పిల్లలెవరు, నాకు ఫీజు కట్టినవాళ్లెవరు. దాన్ని ఫైల్లో పెట్టి బీరువాలో పడెయ్యకుండా మైకులో చదవాలి. సిగ్గుపడాల్సిన పని కాదది. పెళ్లిలో గోత్రాలు చదివినంత మామూలుగా చదవాలి. ఉన్నవాళ్లను ఆ విభాగం నుంచి మార్చాలి. బాలికల్లో తన పిల్ల ఉంటే బాలుర దగ్గర, జూనియర్లలో ఉంటే సీనియర్ల దగ్గర. ఒక కుర్చీ ఖాళీ అయితే పక్క జిల్లా నుంచి ఒకరిని పిలవాలి, రానూపోనూ ఖర్చు ప్రవేశ రుసుముల్లోంచే ఇవ్వాలి, పోటీ పెట్టిన కేంద్రం జేబులోంచి కాదు. ఎవరి జేబులోంచి వస్తోందో ఆ మొహమాటం వెంట వస్తుంది. ఇక మార్కుల షీటు మీద జడ్జి నంబరు కాదు, పేరే ఉండాలి. గోడకు అంటించాలి. ఈమధ్య చాలాచోట్ల మొత్తాలు మాత్రం మైకులో చదివి షీటు మడిచేస్తున్నారు. సోచిలో చేసింది కూడా దాదాపు అదే.

ఇవి చిన్న ఊళ్లలో కుదరవంటారు, అందరూ అందరికీ తెలిసినవాళ్లేనంటారు. కుదురుతుంది, చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆ 8.5 తర్వాత నేను, మా పిల్లలున్న విభాగంలో కూర్చోనని రాసిచ్చి సంతకం పెట్టడం మొదలుపెట్టాను. రెండేళ్లు నాకు ఫోన్ రాలేదు. మేడానికి పొగరని అన్నారట. ఇంట్లో మా వారు కూడా, నీకెందుకు ఇదంతా, పోయి కూర్చుని రావచ్చు కదా అన్నారు. మూడో ఏడాది కొత్త సెక్రటరీ పిలిచారు. నేను కాగితం ఇస్తే చదివి, ఇంకేమీ అనకుండా, పక్క తివాచీ దగ్గరున్న ఆయన్ని పిలిచి, "మీరిటు రండి, మేడం అటు వస్తారు" అన్నారు. కుర్చీలు మారడానికి పట్టిన సమయం నాలుగు నిమిషాలు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంకో ఇద్దరు జడ్జీలు వచ్చి ఆ కాగితం ఎలా రాయాలని అడిగారు. వాళ్లకూ ఎన్నాళ్లుగానో మనసులో ఉన్నదే.

ఆ పిల్ల ఇప్పుడు వ్యాయామ విద్యలో బీపీఈడీ చదువుతోంది. మొన్న సంక్రాంతికి ఊరొచ్చి, మా ఇంటికి వచ్చింది. అరిసెలు పెట్టి, ఎదురుగా కూర్చుని, మొదటిసారి ఆ రోజు సంగతి చెప్పాను. 8.5 వేసింది నేనేనని, ఎందుకు వేశానో, లెక్కలో అది ఏం చేసిందో.

"మీరే వేశారని తెలుసు మేడం. షీటు గోడకి అంటించారు కదా, మూడో జడ్జి మీరేగా" అంది.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. అరిసె తుంచి పట్టుకుంది గానీ తినలేదు.

"మీరు వేశారంటే నాలో ఏదో తప్పుండే ఉంటుందనుకున్నా. మిగతావాళ్లకి కనపడనిది మీకు కనపడిందేమో అనుకున్నా. ఆ ఏడాదంతా రోజూ గోడ దగ్గర వృశ్చికాసనం వేసి, కాలివేళ్లు కదులుతున్నాయేమో చూడమని అమ్మని కూర్చోబెట్టేదాన్ని."

"నీ వేళ్లలో తప్పేం లేదు తల్లీ" అన్నాను.